పొన్నగంటి కూర

చెరువు గట్లపైన, పంటకాలువల ఒడ్డున ఎవరూ విత్తకుండానే పెరిగే ఆకుకూర పొన్నగంటి. సంస్కృతంలో దీని పేరు మత్స్యాక్షి. ‘పోయిన కంటి’ కూరయే పొన్నగంటి అయినదని జనులు చెప్పుకొంటారు. పోయిన చూపును ఏ కూరా తీసుకురాలేదు. అయితే ఇందులోని కెరోటిన్ శరీరంలో ‘ఎ’ విటమిన్‌గా మారి రేచీకటిని నివారించడానికి తోడ్పడుతుంది.

పట్టణాలలో ఇది మురుగుకాలువల వెంట కూడా పెరుగుతుంది. ఆ మట్టిలోని సీసం వంటి విషలోహాలు ఆకులోకి చేరుతాయి; కడిగినా పోవు. అందుచేత పెరటిలో పెంచుకొనడమే మేలు. విత్తనంతో పనిలేదు. జానెడు కొమ్మను రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు నాటి, తేమ ఆరనీయకుంటే కణుపుకణుపుకూ వేళ్లు దిగుతాయి. కొనలు తుంచేకొద్దీ పక్కకొమ్మలు వేస్తూ ఏళ్లతరబడి ఉంటుంది. తెల్లని పూలు కాడ లేకుండా ఆకు మొదటనే అంటుకొని ఉంటాయి. పూగుత్తికి పొడవైన కాడ ఉంటే అది పొన్నగంటి కాదు, దానిని పోలిన కలుపు.