నేస్తం పేరు మీద పరుగు

హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కుర్రాడు, ఊళ్లో క్యాన్సర్‌తో మంచానపడ్డ చిన్ననాటి స్నేహితుడి పేరు చొక్కా మీద రాయించుకుని పది కిలోమీటర్లు పరుగెత్తుతాడు. ఫొటో వాట్సాప్‌లో పెడతాడు. కృష్ణా జిల్లా మోపిదేవిలో అరుగు మీద కూర్చున్న పెద్దాయన అది చూసి, "వాడక్కడ పరిగెడితే వీడికిక్కడ ఎట్టా తగ్గుద్దిరా?" అంటాడు. వెటకారంగానే అన్నా అడగాల్సిన మాటే. ఆ పరుగుకూ ఈ జబ్బుకూ నడుమ ఉన్నది డబ్బు. అది ఎవరి జేబులో బయల్దేరి ఎక్కడికి చేరుతుందో తెలిస్తేనే పెద్దాయనకు జవాబు చెప్పగలం.

ఈ తరహా పరుగులకు ఆద్యుడు అనదగ్గవాడు కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్. 1977లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఎముక క్యాన్సర్ రావడంతో అతని కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆసుపత్రి వార్డులో తనకంటే చిన్నపిల్లలు పడే బాధ చూసి, పరిశోధన కోసం చందాలు పోగు చేస్తానన్నాడు. 1980 ఏప్రిల్ 12న అట్లాంటిక్ ఒడ్డున సెయింట్ జాన్స్‌లో కృత్రిమ కాలితో మొదలుపెట్టి, దాదాపు రోజుకో మారథాన్ చొప్పున 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆగిపోయాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. 1981 జూన్ 28న చనిపోయాడు. దేశంలో తలకో డాలరు రావాలన్నది అతని కోరిక. అప్పటి కెనడా జనాభా సుమారు 2.4 కోట్లు. చనిపోయే నాటికి ఆ లెక్క నిండింది.

ఈ కథ చెప్పేవాళ్లు తరచూ వదిలేసే మనిషి ఒకడున్నాడు, డగ్ ఆల్వర్డ్. టెర్రీకి చిన్ననాటి స్నేహితుడు. ఆ దారి పొడుగునా వ్యాను నడిపిందీ వంట చేసిందీ అతనే. పరుగెత్తింది రోగి, బండి తోలింది నేస్తం. మన దగ్గర ఈ వరస తిరగబడింది గానీ, బండి అవసరం మాత్రం తీరలేదు. ఆ సంగతికి వస్తాను.

అయినవాళ్ల పేరున క్యాన్సర్ సేవ చెయ్యడం మన కృష్ణా డెల్టాకు కొత్తేమీ కాదు. పామర్రు మండలం కొమరవోలు ఆడపడుచు బసవతారకం 1985లో క్యాన్సర్‌తో పోయారు. ఆమె భర్త, పక్కనున్న నిమ్మకూరు మనిషి ఎన్టీ రామారావు, ఆమె పేరున తలపెట్టిన ఆసుపత్రి 2000 జూన్ 22న హైదరాబాదులో తెరుచుకుంది. దానికి అండగా నిలిచిన న్యూయార్క్ రేడియేషన్ వైద్యుడు నోరి దత్తాత్రేయుడిదీ కృష్ణా జిల్లాయే, మంటాడ. హైదరాబాదులో డాక్టర్ రఘురామ్ రొమ్ము క్యాన్సర్‌ను ఎదుర్కొన్న తన తల్లి పేరున 2007లో ఉషాలక్ష్మి ఫౌండేషన్ పెట్టారు. కేబీఆర్ పార్కు దగ్గర వాళ్లు జరిపే పింక్ రిబ్బన్ నడక నగరంలో చాలామందికి తెలుసు. గ్రేస్ క్యాన్సర్ ఫౌండేషన్ 2018 నుంచి ఏటా పరుగు పెడుతోంది. భార్యకూ తల్లికీ సంస్థలు వెలిశాయి. స్నేహితుడి కోసం సంస్థ పెట్టే స్తోమత ఎవరికుంటుంది? అందుకే పరుగు.

ఇక డబ్బు సంగతి. రిజిస్ట్రేషన్ రుసుము అయిదువందలు కట్టారనుకోండి, అదంతా రోగికి చేరుతుందనుకోవద్దు. చొక్కా, పతకం, ఛాతీకి గుచ్చుకునే నంబరు, నీళ్లు, అంబులెన్సు, సమయం కొలిచే చిప్పు, అన్నీ అందులోంచే రావాలి. మిగిలితే మిగులుతుంది, లేకపోతే లేదు. అసలు చందా పరుగెత్తేవాడు తన బంధువుల దగ్గర, ఆఫీసులో, అపార్టుమెంటులో అడిగి పోగుచేసేది. లుకేమియా వచ్చిన తన కూతురి కోసం బ్రూస్ క్లీలాండ్ అనే ఆయన 1988లో 38 మందిని కూడగట్టి న్యూయార్క్ మారథాన్ పరుగెత్తించాడు. వాళ్లు తెచ్చింది 3,22,000 డాలర్లు. అది టికెట్లు అమ్మితే వచ్చే సొమ్ము కాదు, మనిషి మనిషినీ అడిగితే వచ్చింది.

ఇంకో తిరకాసు ఉంది. స్నేహితుడి పేరు మీద ఇవ్వడం వేరు, స్నేహితుడికి ఇవ్వడం వేరు. 80జి అని అందరూ పిలిచే పన్ను రాయితీ నమోదైన సంస్థకు ఇచ్చిన చందాకే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. రెండువేలకు మించి నగదుగా ఇస్తే అదీ రాదు. మీ నేస్తం ఖాతాలో నేరుగా వేస్తే రాయితీ ఉండదు, కానీ సొమ్ము సాయంత్రానికల్లా అతనికి అందుతుంది. నన్నడిగితే పెద్ద నగరంలో పరుగెత్తేవాళ్లు సంస్థకు ఇవ్వాలి, ఊరివాళ్లు మనిషికి ఇవ్వాలి. రెండూ కలిపి ఒకే పోస్టరు మీద వేస్తే మాత్రం తర్వాత లెక్కల దగ్గర మాట వస్తుంది.

ఊళ్లో మనిషికి ఏం కావాలి? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం అర్హత ఉన్నవారికి ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఖర్చులు ఆసుపత్రికి చెల్లిస్తుంది. మరి ఖర్చేముంది అంటారు తెలియనివాళ్లు. రేడియేషన్ సంగతే చూడండి. 'కరెంటు పెడుతున్నారు' అంటారే, అది. రొమ్ము క్యాన్సర్‌లో ఇప్పుడు మూడు వారాలతో సరిపెట్టే పద్ధతి ఉన్నా, చాలా రకాలకు వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాల దాకా పడుతుంది. మెషిన్ మీద ఉండేది కొద్ది నిమిషాలే. మోపిదేవి నుంచి విజయవాడ సుమారు 70 కిలోమీటర్లు. ముప్పై రోజులు వెళ్లి వస్తే 4,200 కిలోమీటర్లు. టెర్రీ ఫాక్స్ పరుగెత్తినదానికి దాదాపు పన్నెండు వందలు తక్కువ, అంతే. తోడు వెళ్లే మనిషి ఆ ముప్పై రోజులూ పనికి పోలేడు. పసుపు తవ్వకాల రోజులైతే ఆ కూలి పోయినట్టే. కీమో తర్వాత తెల్లరక్తకణాలు పడిపోయి ఇట్టే జబ్బులు అంటుకునే స్థితిలో కిక్కిరిసిన బస్సెక్కడం ప్రమాదం, కారు మాట్లాడుకోవాలి. విజయవాడలో గది తీసుకుంటే అద్దె, రెండు పూటలా భోజనం. పథకంతో పూర్తిగా తీరని ఖర్చు ఇదే. ఊరి పరుగులో వచ్చిన డబ్బు డీజిలుకూ గది అద్దెకూ పోవాలని నేననేది అందుకే. మందులకు అని పోస్టరు వేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ లోటు అక్కడ లేదు.

పోస్టరు వేసేముందు ఆ మనిషిని అడగాలి. జబ్బు పేరు బయటపడితే పిల్ల పెళ్లికి అడ్డమని దాచుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మోపిదేవిలో ఒక చిత్రమైన వెసులుబాటు ఉంది. సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి ఊరు కాబట్టి గుండు కనిపిస్తే మొక్కు తీర్చుకున్నారనే అనుకుంటారు, కీమోకు జుట్టు రాలిందని ఎవరూ అనుమానించరు. అలా గుట్టుగా నెట్టుకొస్తున్న మనిషి ఫొటోను ఫ్లెక్సీ మీద నిలువెత్తున వేయిస్తే అది గౌరవం కాదు. వద్దంటే పేరు లేకుండానే పరుగెత్తండి. రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి పదిమంది పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు రాసి ఇంట్లో ఇవ్వండి. దానికి ఫ్లెక్సీ అక్కర్లేదు.

పరుగు ఏర్పాట్లు కష్టమేమీ కాదు. 216 జాతీయ రహదారి మోపిదేవి మీదుగానే పోతుంది, దాని జోలికి వెళ్లకుండా ఊరి లోపలి రోడ్లు చూసుకోవాలి. పోలీసులకు ముందే చెప్పాలి. నవంబరు తుపాన్ల నెల. డిసెంబరు, జనవరి మేలు. తెల్లారేసరికి మొదలుపెట్టాలి. అయిదు కిలోమీటర్లు చాలు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు నడవాలి. వచ్చిందెంత, పోయిందెంత అని వారంలోగా కాగితం మీద రాసి అందరికీ కనిపించేలా అంటించాలి.

చికిత్స అయ్యాక రోగి చేత నడిపించడం గురించి కూడా ఒక మాట. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మంది మీద జరిగిన ఛాలెంజ్ అనే అధ్యయనం ఫలితాలు 2025లో వచ్చాయి. మూడేళ్లపాటు పద్ధతిగా వ్యాయామం చేయించిన వాళ్లలో ఎనిమిదేళ్ల తర్వాత 90 శాతం మంది బతికి ఉన్నారు. ఆరోగ్య సలహాల పుస్తకం మాత్రమే ఇచ్చిన వాళ్లలో 83 శాతం. చాలామంది చేసింది చురుగ్గా నడవడమే. అన్ని క్యాన్సర్లకూ ఈ లెక్క వర్తిస్తుందని చెప్పలేం, ఎముకలకు పాకినవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. ఆ అధ్యయనంలో ఒక్కొక్కరికీ వెంటపడి చేయించే శిక్షకుడు ఉన్నాడు. మన ఊళ్లో అలాంటి ఉద్యోగి దొరకడు కాబట్టి, పొద్దున్నే వచ్చి తలుపు కొట్టి వెంట తీసుకెళ్లే పని స్నేహితుడే పెట్టుకోవాలి.