సంగటి సీమ రికార్డులు

మదనపల్లె టమోటా మార్కెట్ ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. ఆ తర్వాతి స్థానం తమదేనని కోలారు వాళ్లు చెప్పుకుంటారు. ఈ రెండింటి నడుమ, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం రామసముద్రం. ఇక్కడి రైతుకు రెండు పెద్ద మార్కెట్లూ అందుబాటులోనే ఉంటాయి. కోత రోజున ఫోన్లో అక్కడా ఇక్కడా ధర కనుక్కుని, ఎటు నాలుగు రూపాయలు ఎక్కువ పలికితే అటు ట్రేలు ఎక్కిస్తాడు. రాష్ట్రాలు వేరైనా పొలాలు, చెరువులు, వియ్యాలు, వంటలు ఒక్కటే.

మదనపల్లె, రామసముద్రం, పుంగనూరు, పలమనేరు, కుప్పం. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల మీదుగా సాగే ఈ దారిలో తినడానికే ఒకసారి ప్రయాణం పెట్టుకోవాలి. గుళ్లు, కొండలు చూడ్డానికి వచ్చేవాళ్లు బోలెడుమంది. ఈ సీమ గొప్పదనం కంచంలో ఉంది. పెద్దదీ, పొట్టిదీ, బలమైనదీ, అన్నింటికంటే ఓపిక కావాల్సినదీ ఇక్కడే దొరుకుతాయి.

వేసవి టమోటా

టమోటాలకు మదనపల్లెకు అంత పేరు రావడానికి కారణం ఎత్తు. ఊరు సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్ల పైన ఉంది. ఎండలు ముదిరితే మైదాన ప్రాంతాల్లో టమోటా పూత రాలిపోతుంది, కాయ నిలవదు. ఈ మిట్టనేలల మీద రాత్రుళ్లు చల్లబడతాయి కాబట్టి పూత నిలుస్తుంది. అందుకే ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా, దేశంలో చాలాచోట్ల సరుకు సన్నగిల్లే రోజుల్లో, ఇక్కడి మండీలకు ఉత్తరాది నుంచి కూడా వ్యాపారులు వస్తారు. మంచి సీజన్‌లో రోజుకు వెయ్యి టన్నులకు పైగా కాయ దిగుతుంది. స్పెయిన్‌లో బున్యోల్ అనే ఊళ్లో ఆగస్టు ఆఖరి బుధవారం జనం టమోటాలతో కొట్టుకునే పండగ ఉంది. ప్రపంచమంతా వింతగా చూసే ఆ పండగకు పట్టేది 150 టన్నుల దాకా. మదనపల్లె మండీల్లో అది ఒక పొద్దుటి పూట సరుకు.

2023 జూలై చివర ఇక్కడ మొదటి రకం కాయ కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. ఆ ధర రికార్డుగా నిలిచింది, పత్రికలన్నీ రాశాయి. కిలో రెండు రూపాయలు కూడా పలకక, కోత కూలీ రాక, కాయను రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ ఈ ఊళ్లకు ఉన్నాయి. వెయ్యి అడుగులు దాటిన బోరు నీళ్లతో, కట్టెలు నాటి, పురికొస కట్టి నిలబెట్టిన చేను అది. ధర పెరిగినప్పుడు పట్నంలో మనం పడే బాధ ఒక నెలతో పోతుంది. పారబోసిన రైతు అప్పు మూడు పంటల దాకా వెంటాడుతుంది. ఈ మార్కెట్ పెద్దదనం చెప్పేటప్పుడు ఈ రెండో లెక్క కూడా చెప్పాలి.

పొట్టి ఆవు, చిక్కటి పాలు

పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. బరువు 115 నుంచి 200 కిలోలు. పెద్దవాళ్ల నడుము దగ్గర దాని మూపురం ఆగిపోతుంది. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఇదొకటి. గిన్నిస్ పుస్తకంలోకి మాత్రం వేరే ఆవులు ఎక్కాయి. కేరళకు చెందిన వెచ్చూరు జాతి ఆవు మాణిక్యం 61.1 సెంటీమీటర్లతో 2014లో రికార్డుకెక్కింది. తర్వాత బంగ్లాదేశ్‌లో రాణి అనే ఆవు 50.8 సెంటీమీటర్లతో దాన్ని దాటింది. ఆ గుర్తింపు వచ్చేసరికి, 2021లో, రాణి చనిపోయింది.

నా మటుకు పుంగనూరు ఆవు గొప్పదనం ఎత్తులో లేదు, పాలలో ఉంది. మామూలు ఆవుపాలలో వెన్న శాతం మూడున్నర, నాలుగు ఉంటే దీని పాలలో ఎనిమిది దాకా చెబుతారు. అంటే మేకంత ఆవు గేదె పాలంత చిక్కగా ఇస్తుంది. పాలు కొద్దిగానే ఇస్తుంది, మేత కూడా కొద్దిగానే తింటుంది. వానలు లేని ఏడు ఎండుగడ్డితో గడుపుకుంటుంది. కరువు నేల తనకు కావలసిన ఆవును తానే తయారు చేసుకున్నట్టుగా ఉంటుంది. ఎక్కువ పాలిచ్చే జెర్సీ, హోల్‌స్టెయిన్ సంకరాలు వచ్చాక పల్లెల్లో ఈ జాతి పలచబడిపోయింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం దీన్ని కాపాడుతూ వచ్చింది. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక దేశమంతా పేరు మోగింది, ధరలు లక్షల్లోకి పోయాయి. పేరు రావడం సంతోషమే. అయితే ఈ ఆవు పట్నం బంగళాల్లో ముద్దుకు పెరగడం కంటే సొంత పల్లెల్లో పిల్లలకు పాలిస్తూ పెరగడం ముఖ్యం. ఇది పాడి పశువు.

ముద్ద

తృణధాన్యాల్లో కాల్షియం అన్నింటికంటే ఎక్కువున్నది రాగి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాములు ఉంటుంది. అంతే తూకం ఆవుపాలలో 120 దగ్గర. బియ్యంలో పది కూడా ఉండదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నాల్లో రాగి బిస్కెట్లు, రాగి మాల్టు వచ్చాయి. రామసముద్రంలో ముసలివాళ్లు పుట్టినప్పటి నుంచీ తింటున్నది ముద్దే.

చిత్తూరు వైపు సంగటిలో బియ్యం నూకలు పడతాయి. నూకలు మెత్తగా ఉడికాక పైన రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి, ఆవిరికి మగ్గనిచ్చి, అప్పుడు కట్టెతో ఉండలు లేకుండా గెలకాలి. తడిచేత్తో ముద్ద చేసి కంచంలో వేస్తే నున్నగా మెరుస్తుంది. సరిహద్దు దాటి ముళబాగిలు వైపు వెళితే నూకలు పోయి ఎక్కువగా పిండి ఒక్కటే మిగులుతుంది. ముద్ద ఇంకా గట్టిపడుతుంది, రంగు ముదురుతుంది. దాన్ని నమలరు, పులుసులో ముంచి మింగుతారు. కర్ణాటకలో ముద్దలు మింగే పోటీలు కూడా పెడతారు. రామసముద్రం మండలంలో కొన్ని ఇళ్లలో నూకలు వేస్తారు, కొన్ని ఇళ్లలో వేయరు. కోడలు ఏ వైపు నుంచి వచ్చిందో ముద్ద చూసి చెప్పొచ్చు.

పక్కన ఊరిబిండి ఉండాలి. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు వేసి బరకగా నూరిన పచ్చడి అది. మెత్తగా నూరితే రుచి పోతుంది. ఆదివారమైతే నాటుకోడి పులుసు. వానలు పడ్డాక అయితే పొలం గట్ల మీద మొలిచిన చెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు కలిపి వండిన పులగూర. ఎవరూ విత్తనం వేయని, నీళ్లు పెట్టని కూర ఇది. కోలారు పల్లెల్లో కూడా ఇలాగే పొలంలో దొరికిన ఆకులన్నీ కలిపి బెరకెసొప్పు వండుతారు.

ఈ కంచంలోని సరుకులు ఎక్కడివో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తునేలల నుంచి వేల ఏళ్ల కిందట మన దేశానికి చేరింది. చెనక్కాయ, మిరప, టమోటా అమెరికా ఖండాలవి. ఓడలెక్కి గత నాలుగైదు వందల ఏళ్లలో వచ్చాయి. అమెరికాలో లూసియానా రాష్ట్రం వంట కూడా ఇలాగే పలుచోట్ల నుంచి వచ్చినవాటితో పెరిగింది, అక్కడికీ తిండికోసమే ప్రయాణాలు కడతారు. కెనడా తీరంలోని అకాడియా నుంచి 1755లో బ్రిటిష్ వాళ్లు వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతుల్లో చాలామంది తర్వాత అక్కడి చిత్తడి నేలల్లో కుదురుకున్నారు. వాళ్లది కేజన్ వంట. న్యూ ఆర్లియన్స్ పట్నంలో ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికా చేతులు కలిసి పెరిగింది క్రియోల్ వంట. వాళ్ల గంబో అనే పులుసుకు చిక్కదనం ఇచ్చేవి మూడు: నూనెలో వేయించిన పిండి ఫ్రెంచివాళ్లది, బెండకాయ ఆఫ్రికాది, ఎండిన సాసఫ్రాస్ ఆకుపొడి చోక్టా ఆదివాసులది. ఆ బెండకాయను తెచ్చినవాళ్లు బానిసలుగా అమ్ముడుపోయి వచ్చినవాళ్లు. లూసియానా రుచిని పొగిడేవాళ్లు ఆ సంగతి మరచిపోకూడదు. మన సంగటిని కూడా చాలాకాలం కూలివాళ్ల తిండిగా చిన్నచూపు చూశారు. వరన్నం పండగనాటి మాట. ఇప్పుడు పెద్ద హోటళ్లలో అదే సంగటి నాటుకోడితో కలిపి వందల రూపాయలకు వడ్డిస్తున్నారు.

ఓపికలో మొదటి స్థానం

ఈ సీమలో ఒక్క వంటకే కిరీటం పెట్టాలంటే నేను పితికిపప్పుకు పెడతాను.

మంచు పడే నెలల్లో దానికి కావలసిన అనపకాయలు వస్తాయి. చెనక్కాయ చేలల్లో, రాగి చేలల్లో అంతరపంటగా సాళ్లు వేస్తారు. అసలు పంట కోసేశాక కూడా అనప తీగ మంచు తాగుతూ పచ్చగా నిలబడి కాస్తుంది. కాయ మీద సన్నని జిగురు ఉంటుంది, చేతికి అంటుకుంటుంది. దాని వాసన కాయ ఒలిచిన గదిలో పూటంతా ఉంటుంది. ఆ వాసన లేని కాయను ఇక్కడి ఆడవాళ్లు కొనరు.

కాయలు ఒలిచి గింజలు తీయడం మొదటి పని. వాటిని రాత్రి నీళ్లలో నానవేస్తారు. తెల్లారి ఒక్కొక్క గింజనూ బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి పితకాలి. పొట్టు వేళ్ల మధ్య ఉండిపోయి, లేతాకుపచ్చ బద్ద చెంగున ఎగిరి గిన్నెలో పడుతుంది. నలుగురు తినే కూరకు వందల గింజలు. దీనికి యంత్రం పెడితే బద్ద నలుగుతుంది. అందుకని ఇల్లంతా చుట్టూ కూర్చుంటుంది. చిన్నపిల్లలకు కూడా పని దొరుకుతుంది, బద్ద ఎవరిది ఎంత దూరం పోయిందో పందాలు పడతాయి. అవ్వ చేతికి చూపు అక్కర్లేదు, మాటల్లో ఉంటూనే గిన్నె నింపేస్తుంది. మా ఇంట్లో పెద్దల ముచ్చట్లు నేను విన్నవి చాలావరకు ఈ గిన్నె చుట్టూ కూర్చున్నప్పుడే.

కొబ్బరి, ధనియాలు, గసాలు, అల్లం, తెల్లగడ్డ, చెక్క, లవంగం నూరిన మసాలాలో ఎర్రగడ్డలు వేయించి బద్దలు వేస్తే కొద్దిసేపట్లో ఉడుకుతాయి. మరీ ఉడికితే చిదిమిపోతాయి. కొందరు ఉర్లగడ్డ, వంకాయ వేస్తారు, కొందరు మాంసంలో వేస్తారు. సంగటికి, దోసెకు, అన్నానికి మూడింటికీ నప్పుతుంది. కర్ణాటక వైపు హితికిద బేళె సారు ఇదే. బెంగళూరులో చలికాలం అవరెకాయి మేళాలు పెట్టి ఈ గింజతో దోసె దగ్గర నుంచి జిలేబీ దాకా చేసి అమ్ముతారు. పితికిన బద్దలు ప్యాకెట్లలో దొరుకుతాయి కూడా. ఎవరి వేళ్లో పితికినవే అవి. కిలో ధర ఎక్కువనిపిస్తే ఆ వేళ్లను గుర్తు చేసుకోవాలి.

తిండే మందైన చోటు

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. క్షయరోగుల కోసం మిషనరీలు వందేళ్ల కిందట కట్టిన శానిటోరియం అది. మందులు కనిపెట్టకముందు క్షయకు ఇవ్వగలిగినవి మూడే: పొడిగాలి, విశ్రాంతి, బలమైన తిండి. ఆ మూడూ దొరికే చోటని ఈ మిట్టను ఎంచుకున్నారు. దేశంలో బీసీజీ టీకాలు మొదట వేసింది కూడా మదనపల్లెలోనే, 1948లో.

దోసె పొడవు, దోసె రుచి

ప్రపంచంలో అతి పొడవైన దోసె 2024 మార్చిలో బెంగళూరులో పోశారు. పొడవు 123 అడుగులు. 1924లో మొదలైన ఎంటీఆర్ సంస్థ తన నూరేళ్ల సందర్భంగా వేయించింది. రామసముద్రం నుంచి సరిహద్దు దాటితే వచ్చే ముళబాగిలు దోసెకు కూడా చాలా పేరుంది. అది పొడవు దోసె కాదు, చిన్నది, మందంగా ఉంటుంది. నెయ్యి ధారాళంగా పోసి కాలుస్తారు. అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది. పితికిపప్పు రోజుల్లో ఈ దోసెను దానితో కలిపి తిన్నవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

కుప్పం చివరి మజిలీ. కర్ణాటక, తమిళనాడు రెండూ చేరువే. బెంగళూరు, చెన్నై రైలు మార్గంలో స్టేషను ఉంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టారు, నాలుగు దక్షిణాది భాషలూ ఒకే ప్రాంగణంలో చదువుకోవడానికి. బజారులో చిన్న హోటల్లో కూర్చుంటే ఒక బల్ల మీద ముద్ద, ఇంకో బల్ల మీద సాంబారు సాదం, వడ్డించే అన్న ఎవరితో ఏ భాష మాట్లాడాలో ముఖం చూసి ఎంచుకుంటాడు. మే నెలలో కుప్పంలోనే జరిగే తిరుపతి గంగమ్మ జాతరకు మూడు రాష్ట్రాల వాళ్లూ వస్తారు. పుంగనూరులో జమీందార్ల ఇలవేలుపు సుగుటూరు గంగమ్మ జాతర ఎండలు మొదలయ్యే రోజుల్లో వస్తుంది. ఆ ఎండల్లో రాగి అంబలిని మించినది లేదు.

మార్కెట్ నిండుగా చూడాలంటే జూన్, జూలైలో తెల్లవారకముందే మదనపల్లె చేరాలి. జాతర కావాలంటే వేసవి. తినడానికి ఒకే ఒక్కసారి వెళ్లగలిగితే మాత్రం సంక్రాంతికి ముందు వారం వెళ్లండి. సంతల్లో అనపకాయల గోతాలు దిగే వారం అదే.