గడియ లేని తలుపు

మలం మనిషికి తగలకుండా దూరంగా ఉంచేలా కట్టిన మరుగుదొడ్డి అయినా, దాన్ని రెండు లేదా అంతకంటే ఎక్కువ కుటుంబాలు కలిసి వాడుకుంటున్నట్లయితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్‌ల ఉమ్మడి పర్యవేక్షణ కార్యక్రమం దాన్ని ‘పరిమిత’ సదుపాయంగానే లెక్కిస్తుంది. 2011 జనగణన నాటికి దేశంలో 3.2 శాతం కుటుంబాలు ఇంట్లో మరుగుదొడ్డి లేకపోవడంతో ప్రజా మరుగుదొడ్లను వాడేవి. అలాంటి ఉమ్మడి దొడ్డి గురించి ఒకే ఇంటి ఆడవాళ్ల అభిప్రాయం, మగవాళ్ల అభిప్రాయం ఒక్కటిగా ఉండవు.

మగవాడు ముఖ్యంగా చూసేది కంపు, రుసుము, వరుసలో పట్టే సమయం. అవి కుదరకపోతే మూత్రానికి ఏ గోడ పక్కనైనా నిలబడగలడు. స్త్రీకి ఆ వెసులుబాటు లేదు గనుక ఆమె లెక్క ఇంటి గడప దగ్గరే మొదలవుతుంది: దారిలో దీపం ఉందా, మలుపులో ఎవరు నిలబడతారు, తలుపుకు గడియ ఉందా, నెలసరి గుడ్డ ఎక్కడ పారేయాలి. గడియ ఊడిన తలుపును ఒక చేత్తో లాగిపట్టుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్లు తడినేలకు తగలకుండా ఎత్తిపట్టుకునే మనిషికి చెంబు పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. అందుకే చాలామంది సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గిస్తారు. తక్కువ తాగి, వచ్చిన మూత్రాన్ని ఆపుకోవడం వల్ల మూత్రనాళ ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. దీన్ని ‘అలవాటు లేకపోవడం’ అని, ‘సిగ్గు’ అని కొట్టిపారేయడం అన్యాయం, ఎందుకంటే ఇది ప్రాణాన్ని, పరువును కాపాడుకోవడానికి వేసుకున్న లెక్క.

సామూహిక మరుగుదొడ్లలో 35 మంది మగవారికి ఒకటి, 25 మంది స్త్రీలకు ఒకటి చొప్పున గదులు ఉండాలన్న స్వచ్ఛ భారత్ పట్టణ ప్రమాణం ఈ తేడాను కొంత గుర్తించింది. అయితే స్త్రీ వెంట వచ్చే పసిపిల్లలు ఆ లెక్కలోకి రారు. ఇక ముంబైలో మగవారి మూత్రశాలలు ఉచితంగా ఉండగా స్త్రీల దగ్గర డబ్బు వసూలు చేయడంపై 2011లో ఉద్యమమే లేచింది.

1986లో ముంబై ఫుట్‌పాత్‌ల మీద బతికే స్త్రీలతో మొదలైన మహిళా మిలన్ అనే సంఘం, 1990ల చివర పుణేలో సామూహిక మరుగుదొడ్ల నిర్మాణంలో పాలుపంచుకున్నప్పుడు, బస్తీ స్త్రీల అనుభవమే నమూనా అయింది. ఆడవాళ్లకు వేరే ద్వారం, నీళ్ల ట్యాంకు, కాపలాదారు ఉండే గది, బిందెతో లోపలికి వెళ్లేటప్పుడు అడ్డురాకుండా ఇరువైపులా తెరుచుకునే తలుపులు వచ్చాయి. పిల్లలకు విడిగా, చిన్న రంధ్రంతో, కూర్చున్నప్పుడు తూలిపడకుండా పట్టుకోవడానికి పిడితో దొడ్లు కట్టారు.