కడపట వచ్చినది మొదట పోవును

చేతికి తొడిగిన గాజులలో కడపట వేసినది రాక మొదట వేసినది వెలికి రాదు. వంటయింటి మూలనున్న కుండల దొంతియు నట్టిదే. ధాన్యము నిలువచేయు పాతరయు నట్టిదే. పైని పోసిన గింజలే ముందుగా బయటికి వచ్చును. ఈ ధర్మమునే కంప్యూటరు శాస్త్రజ్ఞులు ‘స్టాక్’ అను పేరున వ్యవహరించుచున్నారు. మన భాషలో దొంతి యన్న మాట దీనికి చక్కగా సరిపోవును.

ఈ దినములలో మన యాడుబిడ్డలు పలువురు ఈ విద్య నభ్యసించుచున్నారు. తల్లులు మాత్రము అది తమకు అందని శాస్త్రమని దూరముగా నిలుచుచున్నారు. సాయంకాలములందు మా యింటికి వచ్చి చదువుకొను బాలికలు దొంతి లక్షణములను తడుముకొనక వల్లెవేయుదురు. ‘అమ్మాయీ, అట్టి దొంతిని నీవే కట్టి చూపుము’ అన్నచో తల వంచుకొందురు. వల్లెవేసిన విద్య పరీక్ష నాటితో సరి. కట్ట నేర్చిన విద్య కడుపు నింపును. కావున దానిని కట్టు విధమును ఇచ్చట వివరించుచున్నాను.

ముందుగా దీని ప్రయోజనమును చూతము. మహాభారతమున సూతుడు నైమిశారణ్యమందు శౌనకాది మునులకు కథ చెప్పును. ఆ కథలో వైశంపాయనుడు జనమేజయునకు చెప్పును. అందులో మరల సంజయుడు ధృతరాష్ట్రునకు యుద్ధవృత్తాంతము చెప్పును. సంజయుని మాట ముగిసిన గాని వైశంపాయనుని కథ సాగదు. అది ముగిసిన గాని సూతుని కథ ముగియదు. కడపట మొదలైనది మొదట ముగియవలయును. కంప్యూటరు పనియు నిట్లే. ఒక పని నడుమ మరియొక పనికి పోవలసినపుడు, విడిచిన చోటును దొంతిపై గుర్తుంచి పోవును. తిరిగి వచ్చునపుడు పైనున్న గుర్తును తీసి, అచ్చటినుండి సాగును.

ఆంగ్లేయుడైన ఆలన్ ట్యూరింగు 1945లో వ్రాసిన నివేదికయందు ఈ గుర్తుంచుటను ‘పాతిపెట్టుట’ యనియు, మరల తీయుటను ‘త్రవ్వి తీయుట’ యనియు అర్థమిచ్చు మాటలతో చెప్పెను. జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఫ్రీడ్రిక్ బవర్, క్లౌస్ సామెల్సన్ అను పండితులు 1957లో దీనికి పేటెంటు కోరిరి. వారు దీనిని ‘కెల్లర్’, అనగా నేలమాళిగ, యనిరి. మన పాతరకును వారి నేలమాళిగకును ఎంత పోలిక యున్నదో చూడుడు!

ఇక కట్టుట. జావా భాషను ఉదాహరణముగా తీసికొందము. అందు క్లాసు అనగా అచ్చు. ఆ అచ్చునుండి తీసిన ప్రతి వస్తువును ఆబ్జెక్టు. వస్తువును, దానితో చేయదగిన పనులను ఒకే చోట చేర్చి యుంచుట ఈ పద్ధతి లక్షణము. నార్వే దేశీయులైన డాల్, నైగార్డ్ అనువారు నిర్మించిన సిములా 67 అను భాష దీనికి మూలము.

మన దొంతి క్లాసులో రెండే సొమ్ములుండును. మొదటిది వస్తువులుంచు గళ్ల వరుస. దీనిని అర్రే యందురు. రెండవది లెక్క, అనగా ఇప్పుడు ఎన్ని వస్తువులున్నవో తెలుపు సంఖ్య. ఈ రెంటికిని ‘ప్రైవేటు’ అను ముద్ర వేయవలయును. అప్పుడు బయటివా రెవ్వరును వానిని నేరుగా ముట్టజాలరు.

వరుసలో 4 గళ్లున్నవనుకొనుడు. వాని పేర్లు 0, 1, 2, 3. ఆరంభమున లెక్క 0. పుష్ అనగా పైని పెట్టుట: లెక్క సూచించు గడిలో వస్తువు నుంచి, పిమ్మట లెక్కను ఒకటి పెంచవలయును. పాప్ అనగా పైనున్నదానిని తీయుట: ముందు లెక్కను ఒకటి తగ్గించి, ఆ గడిలోని వస్తువును ఈయవలయును. మూడు వస్తువులున్నపుడు లెక్క 3. తగ్గించిన 2 అగును. 2వ గడిలోనిదే కడపట వచ్చినది. పీక్ అనగా తీయక చూచుట మాత్రమే. ఖాళీగా నున్నదా యని యడుగుటకు లెక్క 0 అగునా యని చూచిన చాలును.

ఇందు మూడు జాగ్రత్తలు వలయును. ఖాళీ దొంతినుండి తీయబోయినచో మౌనముగా ఏదో ఒకటి చేతికీయక, తప్పు జరిగినదని ఎలుగెత్తి తెలుపవలయును. తీసిన పిదప ఆ గడిని శూన్యము చేయవలయును. లేనియెడల ఎవరికిని అక్కరలేని వస్తువు జ్ఞాపకస్థలమును ఆక్రమించుకొని యుండును. గళ్లు నిండినపుడు క్రొత్త వరుస చేసి పాతవానిని అందులోనికి మార్చవలయును. ఆ క్రొత్తదానిని ఒక్క గడి పెంచి చేయరాదు, రెట్టింపు చేయవలయును. 4 గళ్లతో మొదలిడి 1,000 వస్తువులు పెట్టునపుడు, రెట్టింపు చేయుచు పోయిన మార్పులు 1,020 మాత్రమే. ఒక్కొక్క గడియే పెంచినచో అవి 4,99,494 అగును. కాగితముపై వేసి కూడి చూచుకొనుడు.

ప్రైవేటు ముద్ర ఎందుకని బాలికలు తరచుగా నడుగుదురు. ఒక ఉదాహరణము చాలును. జావా భాషతో తొలి కూర్పునుండియు ‘స్టాక్’ అను క్లాసు వచ్చుచున్నది. దానిని ‘వెక్టర్’ అను మరియొక క్లాసునకు వారసురాలిగా చేసిరి. వెక్టరునందు నడుమ వస్తువును దూర్చుటకును, నడుమనుండి లాగుటకును వీలున్నది. వారసత్వముతోపాటు ఆ వీళ్లన్నియు స్టాకునకు సంక్రమించినవి. పేరు దొంతి, నడుమ కుండను ఎవరు లాగినను అడ్డు లేదు! వారసత్వమున ఆస్తి వచ్చునపుడు అప్పులును వచ్చునుగదా. నేడు జావా గ్రంథకర్తలే దీనికి మారుగా ‘డెక్’ వర్గమువానిని వాడుడని చెప్పుచున్నారు. వరుసకు వారసురాలు కాక, వరుసను తన లోపల దాచుకొని, పుష్, పాప్ అను ద్వారములను మాత్రమే తెరచియుంచుట మేలైన మార్గము.

ఈ మర్మమును లోకమునకు స్పష్టముగా బోధించినవారిలో నొకరు స్త్రీ యని తెలిసిన మన కెంతయు సంతోషము కలుగును. అమెరికా దేశపు బార్బరా లిస్కోవ్ గారు 1974లో స్టీఫెన్ జిల్లెస్ అను సహచరునితో కలిసి వ్రాసిన వ్యాసమున, వస్తువు లోపలి కట్టుబడిని దాచి, దాని పనులను మాత్రమే బయటికి తెలుపవలయునని వాదించిరి. అందు వారెన్నుకొన్న ఉదాహరణము ఈ దొంతియే. 2008వ సంవత్సరపు ట్యూరింగు బహుమానము వారిని వరించినది.

నియమమును వాడువారి మంచితనమునకు వదలక, వస్తువు నిర్మాణమునందే యిమిడ్చుట ఈ విద్యయొక్క సారము. కొట్టుగదికి తాళముండగా దినదినమును ఎవరినో అనుమానించు పని లేదు. కావున సోదరులారా, సోదరీమణులారా యని సభలలో చెప్పుమాట కాదు, తల్లులకే చెప్పుచున్నాను. మీ బిడ్డ పుస్తకము తెరచినపుడు ప్రక్కన గూర్చుండి, ‘ఖాళీ దొంతినుండి తీయబోయిన నేమగును? నిండినపుడు ఏమి చేయుదువు? నడుమనుండి లాగకుండ ఎట్లు కాపాడుదువు?’ అని మూడు ప్రశ్నలడుగుడు. మూడింటికిని తడబడక సమాధానము చెప్పగలిగిన బిడ్డకు దొంతి కట్టుట వచ్చినట్లే.