ఒకే జిల్లా, రెండు ప్రభుత్వాల లెక్కల్లో

పిల్లలకు ముందుగా ఒక పొడుపుకథ. తైవాన్ ప్రభుత్వం పాలిస్తుంది, కానీ తైవాన్ రాష్ట్రంలో లేదు. చైనా నగరం మేడలు అక్కడి నుంచి కంటికి కనిపిస్తాయి, కానీ చైనా పోలీసు అక్కడ కాలు పెట్టలేడు. ఏమిటది? మా అబ్బాయి కంప్యూటర్ ముట్టుకోకుండా చెప్పలేకపోయాడు. జవాబు, కిన్మెన్. చైనా భాషలో ‘బంగారు ద్వారం’ అని అర్థం.

మేముండేది మలేషియాలోని క్లాంగ్‌లో. మా పక్కింటి పెద్దాయన కుటుంబం రెండు తరాల కిందట కిన్మెన్ నుంచి వచ్చింది. ఈ చుట్టుపక్కల అలాంటి కుటుంబాలు చాలానే ఉన్నాయి. మీది చైనానా, తైవానా అని ఒకసారి అడిగాను. ఆయన నవ్వి, “ఫుజియాన్” అన్నారు. ప్రశ్న దాటేశారేమో అనుకున్నాను గానీ, తర్వాత చదివితే తెలిసింది, ఆ ఊరి గురించి బీజింగూ తైపీ రెండూ కాదనని జవాబు అదొక్కటేనని.

సంగతేమిటంటే, 1949లో చైనా అంతర్యుద్ధంలో ఓడిన ‘రిపబ్లిక్ ఆఫ్ చైనా’ ప్రభుత్వం తైవాన్ ద్వీపానికి తరలిపోయింది. ప్రధాన భూభాగంలో కమ్యూనిస్టుల ‘పీపుల్స్ రిపబ్లిక్’ ఏర్పడింది. ఇద్దరూ చైనా మొత్తం మాదే అన్నారు. తైపీలో అచ్చయిన పటాల్లో దశాబ్దాల పాటు 35 రాష్ట్రాలుండేవి, చేతిలో ఉన్నది ఒక రాష్ట్రమూ, మరో రాష్ట్రపు అంచూ. బీజింగ్ లెక్కలో ఈనాటికీ 23 రాష్ట్రాలు, ఇరవై మూడోది తైవాన్. అక్కడ దాని అధికారి ఒక్కడూ లేడు. అయినా బీజింగ్ పార్లమెంటులో తైవాన్ పేరిట 13 మంది సభ్యులు కూర్చుంటారు. ప్రధాన భూభాగంలో స్థిరపడ్డ తైవాన్ సంతతి వాళ్ళలోంచి వాళ్ళను ఎంపిక చేస్తారు.

తైపీ వారు ఇందులో ఏమీ తీసిపోలేదు. 1947, 48 సంవత్సరాల్లో చైనా అంతటా ఎన్నికైన ప్రతినిధులు తైవాన్‌కు వచ్చాక మళ్ళీ ఎన్నికలు జరపాలంటే నియోజకవర్గాలు శత్రువు చేతిలో ఉన్నాయి. కాబట్టి నియోజకవర్గాలు చేజిక్కేదాకా పాతవాళ్ళే కొనసాగాలన్నారు. అలా నలభై ఏళ్ళకు పైగా కూర్చున్నారు! చివరికి 1991 డిసెంబరు 31న అందరినీ ఇళ్ళకు పంపారు. మన రాజకీయ నాయకుల్లో కొందరు ఈ సంగతి తెలిస్తే ఎంత అసూయ పడతారో.

ఇప్పుడు ఆ ‘అంచు’ దగ్గరికి వద్దాం. ఫుజియాన్ రాష్ట్రమంతా కమ్యూనిస్టుల వశమైనా, తీరానికి ఆనుకుని ఉన్న కిన్మెన్, మాట్సు దీవులు మాత్రం తైపీ చేతిలో ఉండిపోయాయి. 1949 అక్టోబరు 25న కిన్మెన్ మీద దిగిన సుమారు తొమ్మిది వేల మంది సైనికులు అక్కడ ఓడిపోవడమే దానికి కారణం. దాంతో రెండు ఫుజియాన్‌లు తయారయ్యాయి. ఒకటి నాలుగు కోట్ల జనాభా గల పెద్ద రాష్ట్రం. రెండోది మొత్తం కలిపి 180 చదరపు కిలోమీటర్లు, రెండు జిల్లాలు.

ఆ చిన్న ఫుజియాన్‌కూ ఒక రాష్ట్ర ప్రభుత్వం ఉండేది! 1956లో దాన్ని తైపీ పక్కకు తరలించారు, 1996లో తిరిగి కిన్మెన్‌కు తెచ్చారు. గవర్నరును తైపీయే నియమించేది. 2018 చివరికి దాని పనులన్నీ వేరే కార్యాలయానికి అప్పగించి ఖాళీ చేశారు. రాష్ట్రం పేరు మాత్రం కాగితం మీద ఉంది.

జిల్లాల సంగతి ఇంకా చిత్రం. తైపీ లెక్కలో కిన్మెన్ ఆరు మండలాల జిల్లా. బీజింగ్ లెక్కలోనూ కిన్మెన్ జిల్లాయే, చువాన్‌జౌ నగర పాలన కింద ఉంటుంది. అక్కడి ప్రభుత్వ జాబితాల్లో ఆ పేరు పక్కన ‘ఇంకా ఏకం కావలసి ఉంది’ అన్న అర్థంలో చిన్న మాట చేరుస్తారు. మాట్సు దీవులున్న జిల్లాకు తైపీ పెట్టుకున్న పేరు లియాన్‌జియాంగ్. సరిగ్గా ఎదురుగా, సముద్రానికి అవతలి ఒడ్డున, బీజింగ్ పాలనలో ఉన్న జిల్లా పేరూ లియాన్‌జియాంగే. ఒకప్పుడు రెండూ ఒకటే జిల్లా. అక్షరాలు కూడా అవే. తైపీ వారిది నాలుగు మండలాల జిల్లా. బీజింగ్ వారికి మాట్సు తమ జిల్లాలో ఒక మండలం.

ఇదంతా గుమాస్తాల రాతకోతల వ్యవహారంలా అనిపించవచ్చు. మా పక్కింటాయన మేనత్త కథ విన్నాక నాకలా అనిపించడం మానేసింది. ఆవిడను 1946లో కిన్మెన్ నుంచి దాదెంగ్ అనే పక్క దీవికి కోడలిగా పంపారు. దాదెంగ్ అప్పట్లో కిన్మెన్ జిల్లాలోదే, పడవెక్కితే పుట్టిల్లు. మూడేళ్ళు తిరగకుండానే దాదెంగ్ కమ్యూనిస్టుల చేతికి పోయింది, కిన్మెన్ పోలేదు. జిల్లా రెండు ముక్కలయ్యింది, తల్లి ఒక ముక్కలో, కూతురు ఇంకో ముక్కలో. ఉత్తరాల్లేవు. కూతురు క్లాంగ్‌లో ఉన్న అన్నగారికి రాస్తే, ఆయన అందులోని కబురును ఎవరి పేరూ ఊరూ లేకుండా వేరే కాగితం మీద తిరగరాసి కిన్మెన్‌కు పోస్టు చేసేవారట. నాలుగడుగుల దూరానికి కబురు దక్షిణ చైనా సముద్రమంతా తిరిగి వచ్చేది. కిన్మెన్ నుంచి షియామెన్‌కు 2001 జనవరిలో ఫెర్రీ మొదలయ్యేనాటికి తల్లీ లేదు, కూతురూ లేదు. దాదెంగ్ ఇప్పుడు షియామెన్ నగరంలోని షియాంగాన్ డివిజన్ కింద ఉంది. బీజింగ్ తన కిన్మెన్ జిల్లా నుంచి తీసేసి అటు కలిపింది. తైపీ చేయగలిగింది ఏమీ లేదు.

కిందటేడు చలికాలం సెలవుల్లో మేము కిన్మెన్ వెళ్ళాం. తైపీ నుంచి విమానంలో గంట ప్రయాణం. గునింగ్‌టౌ ఒడ్డున ఇసుకలో ఇప్పటికీ వరసలు వరసలుగా ఇనుప మేకులు ఏటవాలుగా పాతి ఉన్నాయి, పడవలు దిగకుండా. దగ్గర్లో ఒక కాంక్రీటు గోడ, దాన్నిండా 48 లౌడ్‌స్పీకర్లు. వాటిలోంచి అవతలి ఒడ్డుకు ప్రచారమూ, గాయని తెరెసా తెంగ్ గొంతూ వినిపించేవారట. అవతలి వాళ్ళు ఇటు గుళ్ళు పేల్చేవారు. 1958 ఆగస్టు 23న మొదలుపెట్టి 44 రోజుల్లో సుమారు 4 లక్షల 70 వేల గుళ్ళు కురిపించారు. ఆ తర్వాత పద్ధతి మార్చి బేసి తేదీల్లో మాత్రమే పేల్చేవారు, కరపత్రాలు కూరిన గుళ్ళతో. సరి తేదీన పొలం పనులు, బేసి తేదీ సాయంత్రం సొరంగం. 1979 జనవరి 1న అమెరికా బీజింగ్‌ను గుర్తించిన రోజున అది ఆగింది. ఆ గుళ్ళ ఉక్కుతో చేసిన కత్తులు అక్కడ ప్రసిద్ధి. మా ఆవిడ కూరగాయల కత్తి ఒకటి కొన్నది. గుమ్మడికాయ వెన్నలా తెగుతోంది.

అసలు మావోకు కావాలంటే ఆ దీవులను తర్వాతైనా పట్టి ఉండేవాడని చాలామంది చరిత్రకారులు అంటారు. పట్టలేదు. కిన్మెన్ తైపీ చేతిలో ఉంటే ‘మాదీ చైనాయే, మాకూ ఫుజియాన్ ఉంది’ అని తైపీ అంటూనే ఉంటుంది. ఆ ముడి తెగితే తైవాన్ పూర్తిగా విడిపోతుందని ఆయన లెక్క. ఆ లెక్కకు మూల్యం చెల్లించింది మాత్రం దీవి జనం. 1956 నుంచి 1992 నవంబరు 7 దాకా సైనిక పాలన. తైవాన్ వెళ్ళాలంటే పర్మిట్. నోట్ల మీద ‘కిన్మెన్‌లో మాత్రమే చెల్లును’ అని ముద్ర. ఈదుకుంటూ పారిపోతారేమోనని బాస్కెట్‌బాల్‌లకు కూడా ఆంక్షలే!

మనలాంటి వలస వాళ్ళకు నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. కిన్మెన్‌లో చూషాన్ అనే గ్రామం ఉంది. మలయా, సింగపూర్ వెళ్ళిన తమ వాళ్ళ కోసం ఆ ఊరివాళ్ళు 1928లోనే ఒక పత్రిక మొదలుపెట్టారు, పేరు ‘షియన్ యింగ్’. ఊళ్ళో కబుర్లు అచ్చువేసి సముద్రాలు దాటించేవారు. ఆ ఊళ్ళలో కనిపించే పాశ్చాత్య శైలి మేడలు అలా పంపిన డబ్బుతో కట్టినవే. జపాన్ దండయాత్రప్పుడు ఆగి, మళ్ళీ మొదలై, 1949లో పత్రిక శాశ్వతంగా ఆగిపోయింది.

మాది సాలూరు. కిన్మెన్ గురించి వింటుంటే నాకు మా కొండల మీది కొటియా గ్రామాలు గుర్తొచ్చాయి. ఆంధ్రకూ ఒడిశాకూ మధ్య ఇరవై ఒక్క గ్రామాల గొడవ, 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021లో ఆంధ్ర ప్రభుత్వం అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్ళీ కోర్టుకు వెళ్ళింది. చాలా ఇళ్ళలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి, రోడ్డు ఎవరు వేస్తే వాళ్ళకు దండం పెడతారు. పోలిక ఇక్కడితో సరి, అక్కడ ఫిరంగులు లేవు.

కిన్మెన్ వాళ్ళకూ అలాంటి తెలివి అబ్బింది. ఓటు వేసేది తైవాన్ అధ్యక్షుడి ఎన్నికలో, పార్లమెంటుకు జిల్లా తరఫున ఒక సభ్యుడు. తాగేది మాత్రం ఫుజియాన్ నీళ్ళు. 2018 ఆగస్టు నుంచి సముద్రం అడుగున పైపులైను వేసి అవతలి ఒడ్డు నుంచి తెచ్చుకుంటున్నారు. అయితే ఆ పాత లెక్కల పుస్తకం ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేం. 2024 ఫిబ్రవరిలో తైవాన్ తీరరక్షక దళం వెంటాడిన ఒక చైనా పడవ బోల్తా పడి ఇద్దరు చనిపోయారు. నిషేధిత జలాలనేవి అసలు లేనేలేవని బీజింగ్ ప్రకటించింది. తన జిల్లా చుట్టూ తనకు నిషేధమేమిటన్న వాదన అది. అప్పటి నుంచి చైనా గస్తీ ఓడలు తరచుగా ఆ నీళ్ళలోకి వస్తున్నాయి.

సెలవుల్లో వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక మాట. షియామెన్‌కూ కిన్మెన్‌కూ మధ్య ఫెర్రీ అరగంట ప్రయాణం. మీ చైనా వీసా ఒకసారి ప్రవేశానికి మాత్రమే ఇచ్చినదైతే షియామెన్ నుంచి ఆ ఫెర్రీ ఎక్కేముందు ఆలోచించుకోండి. కిన్మెన్ తన జిల్లాయేనని బీజింగ్ ఎంత చెప్పినా, రేవులో ఇమిగ్రేషన్ ఆఫీసరు మాత్రం దేశం విడిచి వెళ్ళినట్టే ముద్ర వేస్తాడు.