శత్రుశేషము

యుద్ధకవిత్వమనగానే మన మనస్సుకు తోచేది వీరమరణము. పల్నాటి వీరుల కథ వినిపించే గాయకుడైనా, మర్సియా చదివే కవియైనా రణభూమిలో ఒరిగినవానిని తలచుకొని శ్రోతలను కదిలించినవాడే. చంపి, బ్రతికి, ఇల్లు చేరి, నిద్రపట్టక తెల్లవార్లూ కూర్చున్నవాని మాట ఆ సంప్రదాయములో అంతగా వినబడదు. అటువంటి ఒకని మాటను కవితగా మలచినవాడు ఆంగ్లకవి సైమన్ ఆర్మిటేజ్. ఆయన వ్రాసిన ‘రిమైన్స్’ అనే కవితను ఇక్కడ పరిచయము చేయదలచినాము.

ఆర్మిటేజ్ 1963లో యార్క్‌షైర్ ప్రాంతమున జన్మించినాడు. 2019లో బ్రిటన్ ఆస్థానకవిగా నియమితుడైనాడు. 2007లో టెలివిజన్ కొరకు ‘ది నాట్ డెడ్’ అనే చిత్రము తయారైనప్పుడు మలయా, బోస్నియా, ఇరాక్‌ల నుండి తిరిగివచ్చిన సైనికుల మాటలను ఆధారము చేసికొని కవితలు కూర్చినాడు. అవి 2008లో పుస్తకముగా వెలువడినవి. ‘రిమైన్స్’కు మూలము బస్రాలో పనిచేసిన ఒక సైనికుని అనుభవము. కవితలో ఊరి పేరు లేదు. అయితే మా ఉర్దూ విభాగపు విద్యార్థులకు బస్రా క్రొత్త పేరు కాదు. హసన్ బస్రీ, రాబియా బస్రీల ఊరు అది. 1914 నవంబరులో బ్రిటిష్ సామ్రాజ్యము తరఫున ఆ నగరమును ఆక్రమించిన సేనలో మన భారతీయ సైనికులు పెద్దసంఖ్యలో ఉన్నారు. 2003లో బ్రిటిష్ సేనలు అక్కడ మళ్ళీ కాలుమోపినవి.

కథ చిన్నది. బ్యాంకును దోచుకొంటున్న గుంపును అదుపుచేయుటకు కొందరు సైనికులను పంపుతారు. గుంపులో ఒకడు పరుగు తీస్తాడు. వాని వద్ద ఆయుధము ఉన్నదో లేదో తెలియదు. ముగ్గురు సైనికులు ఒక్కసారిగా కాలుస్తారు. చిందరవందరయైన దేహమును లారీలో వేసి తీసికొనిపోతారు. అంతటితో ముగియవలెను. కాని వారము తరువాత వారము గస్తీ తిరుగుతూ ఆ వీధిలోని నెత్తుటి జాడ మీదుగానే నడవవలసి వస్తుంది. సెలవుపై ఇల్లు చేరినా, రెప్ప వాలిస్తే చాలు, ఆ మనిషి మళ్ళీ బ్యాంకు తలుపులు త్రోసికొని బయటపడుతాడు. మద్యము, మత్తుమందులు అతనిని వెళ్ళగొట్టలేవు.

ఆయుధమును గూర్చిన సందేహము కవితలో రెండుమార్లు వస్తుంది: మొదట వీధిలో, తరువాత నిద్రలో. మొదటిమారు అది క్షణకాలపు అంచనా. రెండవమారు అదే శిక్ష. ఆయుధమున్నదని రుజువైతే ఆత్మరక్షణ అని సర్దిచెప్పుకొనవచ్చును. లేదని రుజువైతే అపరాధము, పశ్చాత్తాపమునకైనా చోటుండును. ఏదియు తేలకపోవుటయే ఈ సైనికుని వ్యాధి.

వ్యాధి అని తెలిసికూడి వాడినాము. మొదటి ప్రపంచయుద్ధములో దీనిని ‘షెల్ షాక్’ అన్నారు. 1915లో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు ఆ పేరును వైద్యపత్రికకు ఎక్కించినాడు. అయినను పిరికితనము, పలాయనము వంటి నేరములు మోపి ఆ యుద్ధములో బ్రిటిష్ సైన్యము కాల్చివేసినవారిలో 306 మందికి 2006లో గాని క్షమాపణ లభించలేదు. అమెరికా మనోవైద్యులు ఇటువంటి బాధను ప్రత్యేకవ్యాధిగా గుర్తించినది 1980లో.

కవితా శిల్పమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎనిమిది చరణములు; ఏడింటికి నాలుగేసి పాదములు, చివరిదానికి రెండే. భాష సైనికుడు మాట్లాడుకొనే భాషయే. కాని సర్వనామములను మాత్రము శ్రద్ధతో చూడవలెను. ఆజ్ఞ అందుకొన్నప్పుడు, కాల్చినప్పుడు ఉన్నది ‘వి’. ఇల్లు చేరునప్పటికి మిగిలినది ‘ఐ’. చివర నెత్తురంటిన చేతులు ఒక్కనివే. ఆజ్ఞను పంచుకొన్నవారెవరూ ఆ కలను పంచుకొనరు.

దీనిని మన రెండు భాషలలోనికి తెచ్చుట సులభము కాదు. ఉర్దూలో ఒక్కడే ఉండి కూడ తన్ను ‘హమ్’ అనుకొనవచ్చును. కనుక అనువాదకుడు ‘మైఁ’ ఎక్కడ మొదలగునో జాగ్రత్తగా ఎంచుకొనవలెను. తెలుగులో చిక్కు మరొకటి. ‘మేము’ అన్నచో వినేవాడు వెలుపల ఉంటాడు. ‘మనము’ అన్నచో ఆ సేనను పంపిన బ్రిటిష్ ప్రజలు కూడ లోపలికి వస్తారు. ఆర్మిటేజ్ తొలి శ్రోతలు వారే. మా దృష్టిలో ‘మేము’ అనుటయే సరియైనది. ఈ సైనికుడు తన పాపములోనికి ఎవ్వరినీ లాగడు. అతని ఒంటరితనమంతా అందులోనే ఉన్నది.

పేరును మాత్రము తెలుగు చక్కగా పట్టుకొనగలదు. ‘రిమైన్స్’ అనగా మృతుని అవశేషము, మిగిలియున్నదనీ అర్థమే. ‘శేషము’ అను మాటలో ఆ రెండూ ఉన్నవి. ఋణశేషము, అగ్నిశేషము, శత్రుశేషము ఉంచరాదని మన పెద్దల మాట. ఇక్కడ శత్రువును చంపిన తరువాతనే శత్రుశేషము మిగిలినది. అతడు సైనికుని తలలో మాటుగాచి కూర్చున్నాడు.

చనిపోయినవానికి పేరు లేదు, తల్లి లేదు, జాలియంతా చంపినవానికేనా అని విద్యార్థులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఆ పేరు సైనికునికీ తెలియదు. కాని ఒకటి గమనింపదగినది. మొదట దోపిడీగాడని పిలువబడిన ఆ మనిషి, సైనికుడు ఇల్లు చేరిన తరువాత ఆ మాటతో మరల పిలువబడడు. తెలుగు చేసేవారెవరైనా మొదటి చరణములలో ‘వాడు’ అని వ్రాసినను, చివరికి వచ్చేసరికి ‘అతడు’ అనక తప్పదు.