పెద్దవారి తలకు చిన్నదెబ్బ

తెల్లవారుజామున ఫజర్ నమాజు కొరకు వజూ చేయబోయిన వృద్ధుడొకడు పాచిపట్టిన మెట్టుపై జారి పడును. తలపై బొప్పి కట్టును. "ఏమీ కాలేదు బేటా" అని లేచి పోవును. ఇంటివారును మరచిపోవుదురు. మన ఆలమూరులో ఏ ఇంటనైనను జరుగదగిన సంగతి ఇది. కాని ఆయన "రక్తము పలుచన చేయు" మాత్రలు వాడుచున్నచో, బొప్పిని చూచి లోపలి స్థితిని నిర్ణయింపరాదని మేము మనవి చేయుచున్నాము.

నిజమునకు ఈ మందులు రక్తమును పలుచన చేయవు; గడ్డకట్టుటను మందగింపజేయును. వీనిలో వార్‌ఫరిన్ చరిత్ర విచిత్రమైనది. 1920 ప్రాంతమున అమెరికా, కెనడాలలో బూజుపట్టిన క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తస్రావముతో మరణించెను. ఆ కారణమును వెదకిన పరిశోధనయే వార్‌ఫరిన్‌కు దారితీసినది. 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుష్యులకు ఔషధమైనది. నేడు అసిట్రోమ్, అపిక్సబాన్ మొదలగునవి కూడ వాడుకలో నున్నవి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేరు మార్గమున గడ్డను అడ్డుకొనును.

వయసు మీరినకొలది మెదడు కొంత కుంచించుకొని, దానిపై సిరలు సాగి బిగువుగా నుండును. స్వల్పమైన కుదుపునకే అవి చిట్లవచ్చును. రక్తము చుక్క చుక్కగా చేరి, గంటలకో, దినములకో, ఒక్కొక్కప్పుడు వారములకో మెదడును నొక్కును.

కావున దెబ్బ తగిలిన నాడే, బాధ లేకున్నను, వైద్యునకు చూపవలెను. సి.టి. స్కాన్ కొరకు రాజమహేంద్రవరమో కాకినాడయో పోవలసివచ్చినను వెనుదీయరాదు. గాయము నుండి రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను, కాఫీపొడి అద్దరాదు. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇయ్యరాదు. స్కాన్ బాగున్నను మొదటి దినమంతయు ఒకరు తోడుండవలెను. తలనొప్పి హెచ్చుట, వాంతులు, అసాధారణమైన మగత, మాట తడబడుట, మతిమరుపు, ఒక ప్రక్క కాలుచేతులు పట్టుదప్పుట, మూర్ఛ — వీనిలో ఏది కనబడినను, కొన్ని వారముల తరువాతనైనను, వెంటనే 108కి ఫోను చేయవలెను.

భయముతో మాత్రలను తమంతట తాము మానుటయు ప్రమాదమే. గుండెలో కృత్రిమ కవాటమున్నవారికి, గుండె లయ తప్పినవారికి గడ్డ ఏర్పడి పక్షవాతము రావచ్చును. తరువాతి మాత్ర వేయవలెనో, ఆపవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను.

విద్యార్థులారా! నేడే ఇంటికేగి మీ తాతగారు, నానీగారు వాడు మాత్రల పేర్లు ఒక కాగితముపై వ్రాసి వారి జేబులోనో సంచిలోనో ఉంచుడు. వజూ మెట్టుమీది పాచిని గీకివేయుడు. చదువుకొన్న మనుమడు పెద్దలకు చేయదగిన ఖిద్మత్ ఇంతకంటె ఏమున్నది?